ఆఖరి బంతి దాకా

మంటలోకి ఇంకో రెండు కట్టెలు తొయ్యరా అబ్బోడా, చెప్తా. బ్యాటు పట్టినోడు రాజకీయాల్లోకి పోతే ఏమైతాడని కదా నువ్వు అడిగింది? ఇమ్రాన్ ఖాన్ 1992లో పాకిస్తాన్‌కు ప్రపంచ కప్పు గెల్చి పెట్టి, 2018లో ఆ దేశానికి ప్రధాని అయినాడు. అంత దూరం పోవాల్సిన పని కూడా లేదు. మన విజయనగరం విజ్జీ 1936లో ఇంగ్లండు పోయిన భారత జట్టుకు కెప్టెను. ఆనక విశాఖపట్నం నుంచి లోక్‌సభకు పోయినాడు. అదీ దూరమే అంటావా? సరే, మన చిత్తూరు జిల్లాలోనే ఒకాయన ఉండాడు. హైదరాబాద్ అండర్-22 జట్టుకు కెప్టెన్‌గా ఆడినాడు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఆఖరి ముఖ్యమంత్రి అయినాడు. నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి. నువ్వు కూడా దగ్గరికి జరిగి కూచో చిన్నపాపా. ఈ కథలో గెలుపు కంటే ఓటమి పెద్దది. గెలిచినోళ్ళ కథలు మీకు అందరూ చెప్తారు, ఓడినాయన కథ నేను చెప్తా.

వాళ్ళది కలికిరి దగ్గర నగరిపల్లె. ఇప్పుడంటే జిల్లాలు మారిపోయినాయి గానీ, అప్పుడు అదంతా మన చిత్తూరు జిల్లానే. వాన పడితే వేరుశెనగ, బోర్లో నీళ్ళుంటే టమోటా, రెండూ లేకుంటే ఊరు ఇడిచి బెంగుళూరు దావ. అట్లాంటి మెట్ట సీమ. ఆయన తండ్రి నల్లారి అమరనాథ రెడ్డి వాయల్పాడు ఎమ్మెల్యే. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మంత్రిగా చేసినాడు. కొడుకు మాత్రం హైదరాబాదులోనే పుట్టినాడు, ఆడనే పెరిగినాడు. నిజాం కాలేజీలో చదివినాడు, ఉస్మానియాలో లా చేసినాడు. ఆ రోజుల్లోనే క్రికెట్టు. మణికట్టు తిప్పి బంతిని బౌండరీకి పంపే అజహరుద్దీన్ ఉండాడే, మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టినాడే, ఆయనతో కలిసి ఆడినోడు మన కిరణ్.

కెప్టెన్ పని అంటే మీరు టాసు ఎగరేసేది ఒకటే చూస్తారు. అసలు పని వేరే. పదకొండుమందిలో ఎవుర్ని యాడ నిలబెట్టాల, ఎవురికి బంతి ఇయ్యాల, ఎవురి భుజం అలిసిపోయింది, ఎవురికి నిన్న బంతి ఇయ్యలేదని కోపం ఉండాది, ఇవన్నీ ఒకడే మనసులో పెట్టుకోవాల. కోపమొచ్చినోడు కూడా వాని జాగా ఇడిచి పోకుండా చూసుకోవాల. ఈ విద్య ఆయనకు ముందు ముందు బాగా పనికొచ్చింది.

తండ్రి పోయినాక, 1989లో వాయల్పాడు నుంచి మొదటిసారి అసెంబ్లీకి పోయినాడు. ఐదేండ్లు తిరక్కుండానే ఓడిపోయినాడు. 1994లో ఎన్టీ రామారావు గాలి వీస్తే రాష్ట్రం మొత్తంమీద కాంగ్రెసుకు 26 సీట్లే మిగిలినాయి, ఈయన కూడా ఆ గాలిలో కొట్టుకుపోయినాడు. అప్పుడు రాజకీయం మానుకొని హైదరాబాదులో వకీలు పని చేసుకోవచ్చు. మానుకోలేదు. 1999లో మళ్ళా గెల్చినాడు, 2004లో మళ్ళా గెల్చినాడు. వై.ఎస్. రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రి అయినాక కిరణ్‌ను ప్రభుత్వ చీఫ్ విప్‌ను చేసినారు. ఓటింగు రోజు తమ ఎమ్మెల్యే ఒక్కడూ బయట ఉండకూడదు, అలిగినోణ్ణి బుజ్జగించి లోపలికి తేవాల. చూసినారా, కెప్టెన్ పనే ఇంకో పేరుతో వచ్చింది. తర్వాత నియోజకవర్గాల హద్దులు మార్చినప్పుడు వాయల్పాడు సీటే లేకుండా పోయింది. 2009లో పీలేరు నుంచి నిలబడి గెల్చి స్పీకర్ అయినాడు.

అదే ఏడు సెప్టెంబరు 2న నల్లమలలో హెలికాప్టరు కూలి రాజశేఖర రెడ్డి పోయినాడు. ఆయన జాగాలో రోశయ్య వచ్చినాడు. డిసెంబరు 9న తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నుంచి మాట వచ్చింది, ఇటుపక్క కోస్తా, సీమ ఎమ్మెల్యేల రాజీనామాలు మొదలైనాయి. ఏడాది గడిచేసరికి రోశయ్య దిగిపోయినాడు. 2010 నవంబరు 25న కిరణ్ కుమార్ రెడ్డి చేత ప్రమాణం చేయించినారు. అంతకుముందు ఒక్కనాడు కూడా మంత్రిగా చెయ్యలేదు, నేరుగా ముఖ్యమంత్రి. పట్టుమని వారం కాకముందే రాజశేఖర రెడ్డి కొడుకు జగన్‌మోహన్ రెడ్డి కాంగ్రెస్ ఇడిచి వెళ్ళిపోయినాడు. 2011 డిసెంబరులో అవిశ్వాస తీర్మానం వస్తే సొంత పార్టీ ఎమ్మెల్యేలు కొందరు ఎదురు ఓటేసినారు, అయినా గట్టెక్కినాడు. 2012 ఉప ఎన్నికల్లో మన తిరుపతి సీటు కూడా కాంగ్రెస్ చెయ్యి జారింది. ముఖ్యమంత్రి సొంత జిల్లాలో, చిరంజీవి రాజ్యసభకు పోతూ ఖాళీ చేసిన సీటు అది.

అన్ని గొడవల్లోనూ పని ఆపలేదు, అది చెప్పకుంటే అన్యాయం. రెండు రూపాయల బియ్యాన్ని 2011లో రూపాయికి కిలో చేసినాడు. మీ జేజి రేషన్ అంగడి కాడ సంచి పట్టుకుని నిలబడి తెచ్చిన బియ్యం అదే. కులం సర్టిఫికెట్టుకు, అడంగల్ నకలుకు తహసీల్దారు ఆఫీసు చుట్టూ చెప్పులు అరిగేలా తిరిగేది తప్పించడానికి మీసేవ పెట్టినాడు. ఎస్సీ, ఎస్టీల డబ్బు వాళ్ళకే ఖర్చు పెట్టాలని 2013లో సబ్‌ప్లాన్ చట్టం తెచ్చినాడు. మన కలికిరికి సైనిక్ స్కూలు, ఇంజినీరింగు కాలేజీ ఆయన ఉండబట్టే వచ్చినాయి.

ఇంకో సంగతి. ఆ మూడేండ్లూ అసెంబ్లీలో ముఖ్యమంత్రిదీ మన జిల్లానే, ఎదురుగా కూచున్న ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడిదీ మన జిల్లానే. ఒకాయన నగరిపల్లె, ఒకాయన నారావారిపల్లె. ఒకాయన నిజాం కాలేజీ క్రికెట్టు మైదానంలో ఎదిగినాడు, ఇంకొకాయన మన ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థి రాజకీయాల్లో ఎదిగినాడు. తిరుమల కొండ కింద ఉండే ఈ అలిపిరి చూడని ముఖ్యమంత్రి లేడు. ప్రతి ఏడూ బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు తీసుకుని ఈ దావనే కొండ ఎక్కాల. 2003 అక్టోబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రిగా అట్ల పోతా ఉంటేనే ఈ ఘాట్‌రోడ్డు మీద నక్సలైట్లు క్లెమోర్ మైన్లు పేల్చినారు. కారు నుజ్జు నుజ్జయింది, ఆయనా, శ్రీకాళహస్తి ఎమ్మెల్యే బొజ్జల గోపాలకృష్ణా రెడ్డీ గాయాలతో బయటపడినారు. అప్పుడు నేను ఘాట్‌లో బస్సు తోలే రోజులు. బండ్లన్నీ కింద నిలబెట్టేసినారు. గోవిందా అంటూ మెట్ల దావన పోయే భక్తులు కూడా మాట పడిపోయినట్టు నిలబడినారు. పదవి అంటే ఎంత అపాయమో ఆ రోజు కండ్లారా చూసినా.

ఇప్పుడు అసలు కథకు వస్తా. 2013 జులై 30న ఢిల్లీలో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ రాష్ట్రాన్ని రెండు చేస్తామని తీర్మానం చేసింది. ఇటు కోస్తా, సీమ అట్టుడికిపోయినాయి. ఎన్జీవోలు, అంటే సర్కారు ఉద్యోగులు, సమ్మెకు దిగినారు, మేమూ బస్సులు డిపోలో పెట్టి రోడ్డెక్కినాం. తిరుపతి నడివీధుల్లో పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేసినాం. తెలంగాణ వాళ్ళ కోరిక తప్పని నేను అనను. వాళ్ళూ 2011లో నలభై రెండు రోజులు సకల జనుల సమ్మె చేసినోళ్ళే, అరవై ఏండ్ల బాధ వాళ్ళది. మా భయం మాది. హైదరాబాదు పోతే మా పిల్లోళ్ళకు ఉద్యోగాలు యాడ, కృష్ణా నీళ్ళు మా సీమకు ఎట్ల అని.

అప్పుడు ముఖ్యమంత్రి సొంత పార్టీ అధిష్టానానికే ఎదురు నిలబడినాడు. ఆట అయిపోలేదు, ఆఖరి బంతి ఇంకా ఉండాదని చెప్తా వచ్చినాడు. ఆ మాట మా సమ్మె శిబిరంలో ఎంత బలం ఇచ్చిందో మాటల్లో చెప్పలేను. క్రికెట్టు తెలియని ముసిలోళ్ళు కూడా ఆఖరి బంతి ఉండాది లేరా అని చెప్పుకున్నారు. 2014 జనవరి 30న, రాష్ట్రాన్ని చీల్చే బిల్లు మీద సభ అభిప్రాయం చెప్పడానికి రాష్ట్రపతి ఇచ్చిన గడువు ఆఖరి రోజున, ఆ బిల్లు వద్దని ఆయన పెట్టిన తీర్మానం అసెంబ్లీలో మూజువాణి ఓటుతో నెగ్గింది. టపాకాయలు కాల్చినాం. గెలిచినామనే అనుకున్నాం.

కానీ రాజ్యాంగం మూడో అధికరణం ఏం చెప్తాదో మాలో ఎవురికీ తెలియదు. రాష్ట్రాన్ని చీల్చాలంటే పార్లమెంటు ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడుగుతాది, అంతే. అభిప్రాయం వద్దు అని వచ్చినా పార్లమెంటు తన దావన తాను పోవచ్చు. ఫిబ్రవరి 18 మధ్యాహ్నం అలిపిరి టీ అంగట్లో టీవీ ముందర యాభైమందిమి గుమిగూడినాం. లోక్‌సభ చూపిస్తా ఉన్న టీవీలో ఉన్నట్టుండి ప్రసారం నిలిచిపోయింది. అంగడాయన కేబుల్ ఊడిందేమోనని వైరు లాగి చూసినాడు, ఛానళ్ళు మార్చినాడు. కాసేపటికి కింద అక్షరాలు పరిగెత్తినాయి, బిల్లు పాసయిందని. గ్లాసులో టీ ఎవురూ తాగలేదు. మర్నాడు కిరణ్ కుమార్ రెడ్డి ముఖ్యమంత్రి పదవికి, ఎమ్మెల్యే పదవికి, పార్టీకి మూడింటికీ రాజీనామా చేసినాడు. జూన్ 2న తెలంగాణ వచ్చింది.

ఆనక ఆయన జై సమైక్యాంధ్ర అని పార్టీ పెట్టినాడు, చెప్పుల గుర్తు. ఒక్క సీటూ రాలేదు. పీలేరులో నిలబడిన తమ్ముడు కిశోర్ కుమార్ రెడ్డి కూడా ఓడిపోయినాడు. కొన్నేండ్లు ఇంటిపట్టున ఉండి, 2018లో మళ్ళా కాంగ్రెస్‌లోకి పోయినాడు, 2023లో బీజేపీలో చేరినాడు. 2024లో రాజంపేట లోక్‌సభకు నిలబడి మిథున్ రెడ్డి చేతిలో ఓడిపోయినాడు. అదే ఎన్నికల్లో పీలేరులో తమ్ముడు తెలుగుదేశం నుంచి గెల్చినాడు. అరవై దాటిన మాజీ ముఖ్యమంత్రి, అన్నీ చూసినాయన, ఎర్రటెండలో ఊరూరా తిరిగి ఓట్లు అడగడానికి సిగ్గుపడలేదు. అదీ మైదానం నేర్పిన బుద్ధే.

మా వయసోళ్ళలో ఇప్పటికీ దీని మీద వాదులాట ఉండాది. వర్కింగ్ కమిటీ తీర్మానం చేసిన రోజే రాజీనామా పారేసి ఉంటే ఢిల్లీ ఆగి ఉండునని కొందరంటారు. కెప్టెన్ మధ్యలో మైదానం ఇడిచి పోకూడదని ఇంకొందరంటారు. నా మాట వేరే. ఆయన నిలబడింది ధైర్యంతోనే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆఖరి బంతి ఉండాదన్న ఆశతో మేమంతా, నాయకులూ జనమూ, ఇంకో ప్రశ్న అడగడమే మర్చిపోయినాం. విడిపోతే మాకేం వస్తాది? రాజధాని యాడ, దానికి డబ్బు ఎవురిస్తారు, నీళ్ళ పంపకం ఎట్ల? హైదరాబాదు పదేండ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని అని చట్టంలో రాసినారు, కొత్త రాజధాని యాడో రాయలేదు. ప్రత్యేక హోదా అయితే ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ నోటిమాటగా మిగిలింది, చట్టంలోకి ఎక్కలేదు. ఆ నోటిమాట కోసం తర్వాత ఎన్నేండ్లు అడుక్కున్నామో మీరూ చూసినారు. బేరం ఆడాల్సిన ఆరు నెలలూ ఆశలో పోయినాయి.

అందుకే రా అబ్బోడా, ఆడు, బాగా ఆడు, రేపు రాజకీయాల్లోకి పోవాలనిపిస్తే పో. ఓడిపోతామని తెలిసినా మైదానం ఇడిచి రావద్దు, ఆ బుద్ధి ఆయన దగ్గర నేర్చుకో. కానీ నిన్ను నమ్ముకున్నోళ్ళకు నిజం ముందే చెప్పు. గెలుపు కోసం ఒక చేత్తో పోరాడతా, ఓడితే వాళ్ళ గతేందో రెండో చేత్తో రాసి పెట్టు. ఆటలో ఓడితే పదకొండుమంది తలొంచుకుని ఇంటికి పోతారు, అంతటితో సరి. రాష్ట్రం ఓడితే పుట్టబోయే పిల్లలు కూడా దాని అప్పు కడతారు.