వేలి చివరి చుక్క: చక్కెర పరీక్ష మన ఇంటికి వచ్చిన కథ



మన సరిహద్దు జిల్లాల్లో ఒకే జబ్బుకు నాలుగైదు పేర్లు వినిపిస్తాయి. మనం షుగరు అంటాం, చక్కెర జబ్బు అంటాం. హొసూరు, కృష్ణగిరి సంతల్లో తమిళం మాట్లాడేవారు సర్కరై నోయ్ అంటారు. కోలారు, బళ్ళారి వైపు కన్నడంలో సక్కరె కాయిలె. నాందేడు, చంద్రపూర్‌లలో మరాఠీవారూ, బరంపురం, రాయగడలలో ఒడియావారూ మధుమేహ అంటారు. ఏ భాషలో పిలిచినా పేరులో తీపి ఉంది. అయితే ఆ తీపి ఒంట్లో ఎంత ఉందో రోగి తన ఇంట్లో, తన చేత్తో తానే చూసుకునే రోజు రావడానికి చాలా కాలం పట్టింది. ఆ కథే ఈ పూట మీకు మనవి చేస్తాను.

ఈ జబ్బును మొదట కనిపెట్టింది చీమలని చెప్పినా తప్పులేదు. రోగి మూత్రం పోసిన చోట చీమలు పట్టడాన్ని మన ప్రాచీన వైద్యులు గమనించారు. చరక, సుశ్రుత సంహితల్లో మధుమేహం ప్రస్తావన ఉంది. ఐరోపాలో 17వ శతాబ్దంలో థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు రోగి మూత్రం తేనెలాగా, పంచదారలాగా తియ్యగా ఉంటుందని రాశాడు. అంటే ఆ రోజుల్లో పరీక్ష సాధనం వైద్యుడి నాలుకే! తరువాత 1776లో లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ రోగి మూత్రాన్ని ఆవిరి చేసి చూశాడు. అడుగున తెల్లటి ముద్ద మిగిలింది. రుచి చూస్తే చక్కెర. రోగి రక్తంలోని నీరు కూడా తియ్యగానే ఉందని ఆయన గమనించాడు. చక్కెర పుట్టేది మూత్రంలో కాదు, అది రక్తంలోంచే దిగుతోందన్న ఆలోచనకు అది మొదటి మెట్టు.

ఆ తరువాత నాలుక పని రసాయనాలకు వచ్చింది. అమెరికాలో స్టాన్లీ బెనెడిక్ట్ అనే శాస్త్రవేత్త 1908 ప్రాంతంలో ఒక నీలిరంగు ద్రావకం తయారుచేశాడు. మనలో పెద్దవాళ్ళు చాలామంది దాన్ని కళ్ళారా చూసే ఉంటారు. గాజు గొట్టంలో ఆ ద్రావకం అయిదు మిల్లీలీటర్లు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగానే ఉండిపోతే చక్కెర లేదు. ఆకుపచ్చగా మారితే కొంచెం ఉంది. పసుపు వస్తే ఎక్కువ, నారింజ వస్తే మరీ ఎక్కువ. ఇటుక ఎరుపు వచ్చిందంటే ఆ రోజు ఇంట్లో అందరి ముఖాలూ మాడిపోయేవి.

మా పెద్దనాయన హొసూరు దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. 1970 దశకంలో ఆయన రోజూ పొద్దున్నే పెరట్లో అరుగు మీద కూర్చుని ఈ పరీక్ష చేసుకునేవారు. అది అయ్యాక గాజు సిరంజిని వేడినీళ్ళలో మరిగించి, ఇన్సులిన్ సూది తానే వేసుకునేవారు. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనేవారు కనిపెట్టిన మందు అది. 1922 జనవరిలో తొలిసారి ఒక పిల్లవాడికి ఎక్కించారు. అంతకుముందు ఆ రకం జబ్బు వచ్చిన పిల్లలు ఎంతోకాలం బతికేవారు కారు. ప్రాణం పోసే మందు దొరికింది. కాని ఆ మందు ఎంత వేసుకోవాలో చెప్పే కొలత మాత్రం ఇంకా ఆ గాజు గొట్టంలో రంగే.

ఒకనాటి సాయంత్రం పెద్దనాయన గొట్టం చూపించి, "ఏమప్పా, ఈ పొద్దు రెండు పూటలా నీలమే వచ్చింది. మంచిదే కదా?" అని నాతో సంతోషంగా అన్నారు. మరునాడు తెల్లవారుజామున చెరువు కట్ట మీద కూలబడిపోయారు. ఒళ్ళంతా చెమట, చేతుల్లో వణుకు, పొంతన లేని మాటలు. దారిన పోయేవాళ్ళు ఇంకేదో అనుకున్నారు. అదృష్టవశాత్తు ఆ వీధిలో పాతకాలపు కాంపౌండరు ఒకాయన ఉన్నారు. ఆయన చూడగానే, "ఇది చక్కెర పడిపోవడం" అని పంచదార నీళ్ళు తెప్పించి, మెల్లగా తాగించారు. పావుగంటలో మనిషి లేచి కూర్చున్నారు.

నీలం వచ్చినా ఇలా ఎందుకు జరిగింది? దీని కారణం తెలుసుకుంటే తరువాతి చరిత్ర అంతా అర్థమవుతుంది. మన మూత్రపిండాలు చక్కెరను మామూలుగా బయటికి వదలవు. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితేనే అది మూత్రంలోకి పొర్లుతుంది. గట్టు దాకా నిండితేనే చెరువు అలుగు పారినట్టు. అలుగు పారడం లేదంటే చెరువులో ముప్పాతిక నీళ్ళున్నాయా, అడుగంటిందా అన్నది ఒడ్డున నిలబడి చెప్పగలమా? నీలం రంగు కూడా అంతే. చక్కెర 150 ఉన్నా నీలమే, 100 ఉన్నా నీలమే, ప్రాణం మీదికి తెచ్చే 40 ఉన్నా నీలమే. పైగా మూత్రం గడచిన కొన్ని గంటల సంగతి చెబుతుంది కాని ఈ క్షణం సంగతి చెప్పదు.

అయితే రక్తాన్నే పరీక్షించవచ్చు కదా? ప్రయోగశాలల్లో అది అప్పటికే ఉంది. హార్వర్డ్‌లో ఆటో ఫోలిన్, సియెన్ వూ కలిసి 1919, 1920 ప్రాంతంలో రక్తంలో చక్కెరను రంగు ద్వారా కొలిచే పద్ధతిని రూపొందించారు. ప్రపంచమంతటా ఆసుపత్రుల్లో చాలాకాలం అదే వాడారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్ వెళ్ళి పనిచేసింది ఆ ఫోలిన్ గారి శాఖలోనే. అక్కడే 1925లో ఫిస్కేతో కలిసి, భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని ఆయన ప్రకటించారు. రంగు చూసి రక్తంలోని పదార్థాన్ని లెక్కగట్టే విద్యలో ఒక తెలుగువాడి చేయి కూడా ఉందని మనం గర్వంగా చెప్పుకోవచ్చు. కాని ఆ పరీక్షకు సిరలోంచి రక్తం తీయాలి, ప్రయోగశాల ఉండాలి, చేసే మనిషి ఉండాలి. చెరువు కట్ట మీద పడిపోయినవాడికి అవన్నీ ఎక్కడి నుంచి వస్తాయి?

1960 దశకం మధ్యలో అమెరికాలో డెక్స్ట్రోస్టిక్స్ అనే కాగితపు పట్టీ వచ్చింది. దాని కొసన ఒక ఎంజైము పూసి ఉంటుంది. దాని మీద పెద్ద రక్తపు చుక్క వేసి, సరిగ్గా ఒక నిమిషం ఆగి, నీళ్ళతో కడిగి, తేలిన నీలపు ఛాయను సీసా మీది రంగులతో పోల్చాలి. కంటి అంచనా మనిషి మనిషికీ మారుతుంది కనుక, ఆ ఛాయను చదవడానికి ఆంటన్ క్లెమెన్స్ అనే ఇంజనీరు ఒక యంత్రం తయారుచేశాడు. అదే మొదటి గ్లూకోమీటరు, 1970 ప్రాంతంలో అమ్మకానికి వచ్చింది. కిలోకు పైగా బరువు, వందల డాలర్ల ధర. దాన్ని డాక్టర్లకూ ఆసుపత్రులకూ మాత్రమే అమ్మేవారు. రాత్రివేళ స్పృహ లేకుండా తెచ్చిన మనిషి తాగి పడిపోయాడా, చక్కెర జబ్బుతో పడిపోయాడా అని తేల్చుకోవడానికి వాడేవారు. రోగి చేతికి ఇవ్వాలన్న ఆలోచనే ఎవరికీ లేదు.

ఆ ఆలోచన ఒక రోగికే వచ్చింది. ఆయన పేరు రిచర్డ్ బెర్న్‌స్టీన్, అమెరికాలో ఇంజనీరు. పన్నెండో ఏట ఈ జబ్బు వచ్చింది. డాక్టర్లు చెప్పినట్టే నడుచుకున్నా ముప్పై అయిదేళ్ళు వచ్చేసరికి ఒంట్లో ఒక్కొక్క అవయవమూ దెబ్బతినసాగింది. 1969లో ఒక పత్రికలో ఆ యంత్రం ప్రకటన చూశారు. తనకు అమ్మరు. అయితే ఆయన భార్య డాక్టరు. ఆమె పేరుతో తెప్పించుకున్నారు. రోజుకు ఐదారుసార్లు వేలు గుచ్చుకుని, ఏం తింటే ఎంత పెరుగుతోందో, ఎంత ఇన్సులిన్‌కు ఎంత తగ్గుతోందో రాసుకున్నారు. రోజుకొక్కసారి వేసుకునే మోతాదును విడగొట్టుకున్నారు, తిండి మార్చుకున్నారు. ఆరోగ్యం కుదుటపడింది. ఆ సంగతి వ్యాసంగా రాసి పంపితే వైద్య పత్రికలు తిప్పి పంపాయి. ఇంజనీరు మాట వైద్యులు వినరని తెలిసి, నలభై అయిదో ఏట వైద్య కళాశాలలో చేరి డాక్టరయ్యారు. 2025లో, తొంభై ఏళ్ళు నిండిన తరువాత కన్నుమూశారు. తన జబ్బును తానే కొలుచుకున్న మనిషి ఎంత దూరం నడవగలడో ఆయన జీవితమే సాక్ష్యం.

1978లో ఇంగ్లండులో లండన్, నాటింగ్‌హామ్ వైద్య బృందాలు రెండు వేరువేరుగా, ఇంట్లో రోగులే రక్తం చూసుకున్న అనుభవాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించాయి. రోగులు ఆ పని చక్కగా చేయగలరనీ, చక్కెర మెరుగ్గా అదుపులోకి వచ్చిందనీ తేలింది. "వాళ్ళకు చేతకాదు" అన్న మాట అక్కడితో బలహీనపడింది. 1987లో చుక్కను తుడవనక్కరలేని మీటరూ, రంగును కాకుండా సన్నని విద్యుత్తును కొలిచే కలమంత మీటరూ రెండూ వచ్చాయి. ఇప్పుడు మన ఇళ్ళలో ఉన్నవి ఎక్కువగా ఆ రెండో కోవకు చెందినవే.

అయినా పెద్ద ప్రశ్న ఒకటి మిగిలింది. ఇంత శ్రమపడి చక్కెరను అదుపులో పెడితే కళ్ళు, మూత్రపిండాలు నిజంగా నిలుస్తాయా? అమెరికా, కెనడాలలో 1,441 మంది మీద 1983లో మొదలైన పెద్ద పరిశోధన 1993లో జవాబు చెప్పింది. రోజుకు చాలాసార్లు వేలు గుచ్చుకుని చూసుకుంటూ ఇన్సులిన్ సర్దుకున్నవారిలో, కంటిపొర దెబ్బతినే ప్రమాదం మామూలు చికిత్సవారికంటే 76 శాతం తగ్గింది. వారిలో చక్కెర పడిపోయే ఘటనలు మాత్రం పెరిగాయి. అందుకే కొలత లేని కట్టడి ప్రమాదం.

ఆ జవాబు మా పెద్దనాయనకు ఆలస్యంగా అందింది. చెరువు కట్ట మీద పడిన నాటినుంచి ఆయనకు నీలం అంటే భయం పట్టుకుంది. "పచ్చ, పసుపు ఉంటేనే నాకు ధైర్యం" అని సూది మందు తగ్గించుకున్నారు. ఇరవై ఏళ్ళలో చూపు పోయింది. ఇంటికి మీటరు వచ్చేసరికి అందులో అంకె ఆయనకు కనపడదు. పెద్దమ్మకు అక్షరాలు రావు. కాని సంతలో లెక్కలు చూసుకున్న మనిషి కాబట్టి అంకెలు వచ్చు. వేలు గుచ్చడం ఆమే నేర్చుకున్నారు. "నూటా ముప్పై" అని ఆమె గట్టిగా చదివితే, "అమ్మయ్య" అని ఆయన తల ఊపేవారు. చిన్న డైరీలో ఆ అంకెలు ఆమే వేసేవారు. ఆ డైరీ పట్టుకుని వెళితే తమిళం మాట్లాడే డాక్టరుకూ అర్థమైంది, బెంగళూరులో కన్నడం మాట్లాడే డాక్టరుకూ అర్థమైంది. పొరుగు భాషల మధ్య బతికే మనకు ఇది చిన్న విషయం కాదు. బాధ చెప్పడానికి మాట దొరకకపోవచ్చు గాని, అంకెకు అనువాదం అక్కరలేదు.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బు ఉంది. కనుక పరీక్ష గురించి నాలుగు మాటలు.

చేతులు సబ్బుతో కడుక్కుని బాగా ఆరనివ్వండి. మామిడిపండు తిన్న వేలితో చూస్తే పండులోని చక్కెర కూడా లెక్కలోకి వస్తుంది. వేలి కొసన మధ్యలో కాదు, పక్కన గుచ్చుకోండి, నొప్పి తక్కువ. రోజూ ఒకే వేలు వద్దు. ఒకరి సూది మరొకరు ఎప్పుడూ వాడకూడదు, రక్తం ద్వారా అంటే జబ్బులు సోకుతాయి. స్ట్రిప్పుల డబ్బా మూత గట్టిగా పెట్టండి, గడువు తేదీ చూడండి. అంకెతో పాటు వేళ కూడా రాయండి: తినకముందా, తిన్న రెండు గంటలకా అని. రాగి సంగటి తింటే చక్కెర పెరగదని మనవైపు ఒక నమ్మకం. రెండు గంటలాగి చూసుకోండి, ముద్ద పరిమాణాన్ని బట్టి పెరుగుతుందని మీకే తెలుస్తుంది.

అంకె 70కి తగ్గితే ఆలస్యం చేయకుండా మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పావుగంట తరువాత మళ్ళీ చూసుకోవాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రోజుకు ఎన్నిసార్లు చూసుకోవాలన్నది మీ మందును బట్టి డాక్టరు చెబుతారు. ఇన్సులిన్ వేసుకునేవారికి తరచు అవసరం, మాత్రలతో సరిపోయేవారందరికీ అంత అవసరం ఉండదు. ఒక్క అంకె చూసి మందు మీకై మీరు మార్చుకోకండి.

చీమలు చెప్పిన సంగతి వైద్యుడి నాలుకకు, అక్కడినుంచి గాజు గొట్టానికి, యంత్రానికి, చివరికి మన వేలి కొసకు చేరింది. మా పెద్దనాయనకు నీలం చెప్పలేకపోయిన మాటను ఇవాళ ఒక చుక్క రక్తం కొన్ని సెకన్లలో చెబుతుంది. చూసుకోండి, రాసుకోండి, ఆ పుస్తకం డాక్టరుకు చూపించండి. మీ ఇంట్లో చూపు తగ్గిన పెద్దలుంటే, ఆ అంకె గట్టిగా చదివి వినిపించండి.