నల్లమలలో మన పెంటలు

కొల్లాపూర్ బడుల నుంచి పిల్లలను విహారయాత్రకు తీసుకుపోయేటప్పుడు మన టీచర్లు కొందరు "నల్లమల నేషనల్ పార్కు" అంటుంటారు. తెలంగాణలో నేషనల్ పార్కులు మూడే. కాసు బ్రహ్మానందరెడ్డి, మహావీర్ హరిణ వనస్థలి, మృగవని మూడూ హైదరాబాదు చుట్టుపక్కలే ఉన్నాయి. మన దగ్గరున్నది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. ఈ తేడా పిల్లలకు చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేషనల్ పార్కులో మనుషుల హక్కులన్నీ రద్దవుతాయి. అభయారణ్యంలో కొన్ని హక్కులు మిగిలే వీలుంది.

అచ్చంపేట మీదుగా మన్ననూర్ చేరితే ఫరహాబాద్ చెక్‌పోస్టు నుంచి సఫారీ జీపులు పోతాయి. వానాకాలంలో సఫారీ ఉండదు. శ్రీశైలం రోడ్డుపై రాత్రి బండ్లను ఆపేస్తారు. దారిలో ప్రతాపరుద్రుని కోట శిథిలాలు చూపిస్తారు, నిజాం వేట బంగళా కథ చెప్తారు. చెంచుల మాట మాత్రం గైడు నోట చివర్లో, అదీ తేనె గురించే వస్తుంది. సలేశ్వరం జాతరకు చైత్ర పౌర్ణమికి వేలమంది లోయలోకి దిగుతారు. అక్కడ పూజారులు చెంచులేనన్నది ఎంతమంది గమనిస్తారో!

మన చరిత్రలో ముందుగా రాసిపెట్టుకోవలసిన సంవత్సరం 1940. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ యుద్ధం వల్ల హైదరాబాదు రాజ్యం దాటి పోలేక అమ్రాబాద్ పీఠభూమిలోని చెంచు పెంటల్లో ఉన్నాడు. గడ్డలు తవ్వే కర్ర, తేనె తీసే తాళ్లు, పెళ్లి, చావు, ఇంటిపేర్లు అన్నీ రాసుకున్నాడు. 1943లో ఆయన పుస్తకం వచ్చింది. చెంచులను అడవిలోనే తమ తీరున బతకనివ్వాలని ఆయన నిజాం ప్రభుత్వానికి చెప్పాడు. ఆ దశకంలోనే చెంచుల కోసం కొంత అడవిని ప్రత్యేకంగా కేటాయించారు. అంటే ఈ అడవిలో మొదట గీసిన "రిజర్వ్" గీతల్లో ఒకటి మనుషుల కోసం గీసింది. పులుల గీత తర్వాత వచ్చింది. 1978లో అభయారణ్యం ప్రకటించారు, 1983లో ప్రాజెక్టు టైగర్‌లో చేర్చారు. రాష్ట్రం విడిపోయాక 2015లో అమ్రాబాద్ వేరే రిజర్వ్ అయింది. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో 2,166 కోర్ ప్రాంతం.

ఇంతలో కృష్ణ మీద శ్రీశైలం ఆనకట్ట కట్టారు. 1981లో కొల్లాపూర్ వైపు ఊళ్లెన్నో ఖాళీ చేయించారు. సోమశిల, జటప్రోలు గుళ్లను మాత్రం రాయి రాయికీ నంబరు వేసి ఎత్తుకొచ్చి మళ్లీ కట్టారు. దేవుడికి దక్కిన ఆ శ్రద్ధ ఊరివాళ్లకు దక్కలేదన్నది ఈ తాలూకాలో ఇప్పటికీ నానే మాట.

2019లో యురేనియం సర్వే కోసం కేంద్ర కమిటీ ఒకటి మొగ్గు చూపింది. ఊళ్లు, పట్నాలు కలిసి వద్దన్నాయి. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ వ్యతిరేక తీర్మానం చేసింది.

తాజా వార్త తరలింపు. కోర్ ప్రాంతంలోని సార్లపల్లి, కుడిచింతలబైలు వంటి ఊళ్లను "స్వచ్ఛందంగా" బయటికి పంపే పని జరుగుతోంది. కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదంటే పునరావాసం. పోదామనేవాళ్లూ ఉన్నారు. రోడ్డు, ఆసుపత్రి, పిల్లల చదువు కావాలనుకునే తల్లిని తప్పుపట్టే హక్కు మాకు లేదు. కానీ సంతకానికి ముందు చదవాల్సింది 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 4. అడవిలో మనుషులు, జంతువులు కలిసి ఉండడం కుదరదని ముందు తేల్చాలి. గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కొత్త చోట భూమి, సౌకర్యాలు పూర్తయ్యాకే కదిలించాలి. చెంచుల వంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కు అదే చట్టం సెక్షన్ 3లో ఉంది. పట్టా ఒక్కటే అడిగి, దాన్ని అడగడం మరిచిపోతున్నాం. 2025 మేలో మాచారంలో మొదలుపెట్టిన ఇందిర సౌర గిరి జల వికాసం పథకం కూడా పట్టా ఉన్న పొలాలకే బోరు, సోలార్ పంపు ఇస్తుంది. గడ్డలు, తేనె, జిగురు తెచ్చే అడవికి పట్టా పుస్తకం లేదు.

అందుకే ఈ సెలవుల్లో మా బడుల పిల్లలకు ఒక పని పెట్టాం. అమరగిరి నుంచి పైకి, ముసలివాళ్లు చెప్పిన ప్రతి పెంట పేరు, ప్రతి చెలమ పేరు, అక్కడ ఏ ఇంటిపేరువాళ్లు ఉండేవాళ్లో నోట్‌బుక్కులో రాస్తున్నారు. ఇంతవరకు రెండు నోట్‌బుక్కులు నిండాయి. వాటికి నకళ్లు తీసి గ్రామసభ తీర్మానానికి జతచేయమని వార్డు సభ్యులను అడిగాం.