తంబి నాయుడు "మనవాడేనా"? ఒక విజ్ఞాన సర్వస్వ వ్యాసానికి పరీక్ష

బాబాల విభూతికి రుజువు అడిగే మనం, మనవాళ్ళ గొప్పల దగ్గరికి వచ్చేసరికి రుజువు అడగడం మర్చిపోతాం. విదేశాల్లో పేరు తెచ్చుకున్న మనిషి పేరు చివర నాయుడో రావో కనిపిస్తే చాలు, "మన తెలుగువాడే" అనేస్తాం. ఈ అలవాటుకి మంచి పరీక్ష దక్షిణాఫ్రికా నాయకుడు తంబి నాయుడు.

మనలో చాలామంది ఈయన పేరు విని ఉండరు. 1875లో మారిషస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు మద్రాసు ప్రాంతం నుంచి వలస వెళ్ళినవాళ్ళు. జొహానెస్‌బర్గ్‌లో వ్యాపారం చేసుకుంటూ గాంధీ ఉద్యమంలో ముందు వరసలో నిలిచాడు. 1933లో చనిపోయాడు. ఇలాంటి మనిషి మీద విజ్ఞాన సర్వస్వంలో వ్యాసం రాస్తే, సరిచూసేవాడు ఏం అడగాలి? సులువుగా వచ్చి చేరే నాలుగు వాక్యాలు తీసుకుని ఒక్కొక్కటే తూకం వేద్దాం.

మొదటి వాక్యం: "తంబి నాయుడు తెలుగువాడు."

దీనికి ఆధారం ఏమిటి? పేరు ఒక్కటే. కానీ నాయుడు అన్నది భాష పేరు కాదు, బిరుదు. ఒక్క కులానిది కూడా కాదు. కాపులు, బలిజలు, వెలమలు, కమ్మవారు వేర్వేరు ప్రాంతాల్లో వాడుకున్నారు. తమిళదేశంలో తరతరాలుగా ఉన్న నాయుళ్ళూ ఉన్నారు. పైగా "తంబి" తమిళ మాట. ఆయన అధ్యక్షుడిగా ఉన్న సంస్థ జొహానెస్‌బర్గ్‌లోని తమిళ్ బెనిఫిట్ సొసైటీ. దగ్గరగా చూసిన గాంధీ ఆయన్ని తమిళుడనే రాశాడు. హిందుస్తానీ బాగానే మాట్లాడేవాడని, తెలుగు కొంత వచ్చని, ఆ లిపులు మాత్రం రావని కూడా రాశాడు.

భాష వచ్చి లిపి రాకపోవడం మా భిలాయివాళ్ళకి వింతేమీ కాదు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలయ్యింది. ఆ ఉక్కు కర్మాగారంలో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఈ దుర్గ్ జిల్లాకి వచ్చాయి. వాళ్ళ మనవల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదివేదీ రాసేదీ హిందీలో. ఇంటిపేరు చూసి వాళ్ళ భాష, సంస్కృతి తేల్చేస్తే ఎంత తప్పో మాకు తెలుసు. అదే తప్పు తంబి నాయుడి విషయంలో ఎందుకు చెయ్యాలి?

"పూర్వీకులు ఎప్పుడో తెలుగుదేశం నుంచి పోయి ఉంటారు కదా" అంటారు. పోయి ఉండవచ్చు. "ఉండవచ్చు"తో పుష్పక విమానాన్ని కూడా ఎగరేయవచ్చు. "తమిళ సమాజ నాయకుడు, తెలుగు కొంత తెలుసు" అన్నంతవరకే ఆధారం ఉంది. అంతకు మించి బిరుదు పట్టుకుని "మనవాడు" అనడమంటే భాషాభిమానం ముసుగేసుకున్న కులాభిమానమే.

రెండో వాక్యం: "ఆయన గాంధీ అనుచరుడు."

ఇది అబద్ధం కాదు, కానీ మనిషిని చిన్నబుచ్చే అర్ధసత్యం. ఆసియావాసులంతా వేలిముద్రలిచ్చి రిజిస్టర్ కావాలన్న ట్రాన్స్‌వాల్ చట్టాన్ని ఎదిరించి వాళ్ళు జైలుకెళ్ళారు. స్వచ్ఛందంగా రిజిస్టర్ అవుతాం, చట్టాన్ని వదులుకోండి అన్న రాజీ లేఖ 1908 జనవరి 28న జైలు నుంచే ప్రభుత్వానికి వెళ్ళింది. దానిమీద మూడు సంతకాలున్నాయి: గాంధీ, చైనావాళ్ళ నాయకుడు లియుంగ్ క్విన్, తంబి నాయుడు. ఒప్పందానికి సంతకం పెట్టినవాణ్ణి అనుచరుడు అని వదిలేయకూడదు, నాయకుడు అనాలి.

మూడో వాక్యం: "గాంధీ ప్రాణాలు కాపాడాడు."

ఆ రాజీ నచ్చని మీర్ ఆలం, అతని మనుషులు 1908 ఫిబ్రవరి 10న రిజిస్ట్రేషన్‌కి వెళ్తున్న గాంధీని కొట్టారు. పక్కనున్న తంబి నాయుడు గొడుగుతో దెబ్బలు ఆపబోయి తానూ దెబ్బలు తిన్నాడు. మనం ఎక్కువగా చదివేది గాంధీ రాసిందే. కానీ మొదటి దెబ్బకే స్పృహ తప్పిందని, తర్వాత జరిగింది తనకు తెలియదని ఆయనే ఒప్పుకున్నాడు. అంటే మిగతాదంతా ఇతరులు చెప్పగా విన్నదే. పైగా ఆ పుస్తకం 1923లో ఎరవాడ జైల్లో మొదలుపెట్టింది, అంటే పదిహేనేళ్ళ తర్వాత. సంఘటన జరగలేదని నేను అనడం లేదు. "దెబ్బలకు అడ్డుపడ్డాడు" అని రాయండి, దానికి ఆధారం ఉంది. "ప్రాణాలు కాపాడాడు" అన్నది అభిమానులు వేసిన తీర్పు.

నాలుగో వాక్యం: "భార్య కూడా ఉద్యమంలో పాల్గొంది."

ఈ "కూడా" చూడండి! క్రైస్తవేతర పద్ధతిలో జరిగిన పెళ్ళిళ్ళు చెల్లవని 1913లో కోర్టు తీర్పు వచ్చింది. ఒప్పంద కూలి గడువు తీరినవాళ్ళ మీద మూడు పౌన్ల పన్ను అప్పటికే ఉంది. ట్రాన్స్‌వాల్ స్త్రీలు సరిహద్దు దాటి న్యూకాజిల్ వెళ్ళి బొగ్గుగని కార్మికులతో మాట్లాడారు, అక్టోబర్‌లో సమ్మె మొదలయ్యింది. గాంధీ పుస్తకంలో ఆ స్త్రీల జాబితా ఉంది. దాదాపు అందరూ ఫలానావారి భార్యగానే కనబడతారు. "మిసెస్ తంబి నాయుడు" పేరు వీరమ్మాళ్. ఆ పేరు లేకపోతే వ్యాసం నిజంగా అసంపూర్ణమే.

ఇంకో సంగతి. 1914లో గాంధీ వెళ్ళిపోయేటప్పుడు తంబి నాయుడు తన నలుగురు కొడుకుల్ని ఆయనకి అప్పగించాడు. దీన్ని త్యాగం అని రాసి కథ ముగించడం సులువు. (కొడుకులు తండ్రి ఒక్కడివే కాదు కదా!) కానీ గాంధీ వెళ్ళాక కూడా ఆయన పందొమ్మిదేళ్ళు బతికాడు. ఆ కొడుకుల్లో నారణసామి తిరిగి వెళ్ళి కార్మిక సంఘాల్లో పనిచేశాడు. మనవడు ఇంద్రెస్ 1963 నుంచి పదేళ్ళు రాబెన్ ఐలాండ్ జైల్లో ఉన్నాడు. మనవరాలు శాంతి 1969లో నిర్బంధంలో ఉండి కూడా విన్నీ మండేలాకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పనంది. 1914తో ఆగిపోయే వ్యాసం గాంధీ జీవితంలో ఒక పేజీ అవుతుందే గాని తంబి నాయుడి జీవితం కాదు.

తంబి నాయుడు తెలుగువాడు కాకపోతే మనకి పోయేదేమీ లేదు. ఆయన పోరాటం ఆఫ్రికాలో నలిగిపోయిన మనుషుల కోసం, అందులో తమిళులు, తెలుగువాళ్ళు, గుజరాతీలు, చైనావాళ్ళు అందరూ ఉన్నారు. ఆయన్ని గౌరవించాలంటే ముందు ఆయన గురించి రుజువున్న మాటలే రాద్దాం. ఈసారి ఎవరైనా "ఈయన మనవాడే తెలుసా" అంటే, విభూతికి అడిగినట్టే అడగండి: ఆధారం ఏదీ?