నెమ్మది, నిమ్మది

పోయిన ఆదివారం పిల్లల తెలుగు క్లాసు పుస్తకం గురించి మాట్లాడుకుంటుంటే ఒక వాక్యం దగ్గర గొడవైంది. "మనసు నిమ్మదిగా ఉంది" అన్నది అరవం కలిసిన తెలుగు, కొట్టేయాలి అని ఒక తమ్ముడు పట్టుబట్టాడు. అప్పుడు నేనేమీ అనలేదు. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. మా అవ్వ నోట రోజూ విన్న మాట అది. నేను తమిళ బడిలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దండి.

తమిళంలో అలజడి లేకపోవడానికి పాత మాట అమైది. అమై అంటే కుదురుకోవడం, సరిపడి నిలవడం. మన అమరు, అమరిక దానికి చుట్టాలే. నిమ్మది అలాంటిది కాదు. అది తెలుగు కన్నడాల్లోని నెమ్మది, తమిళంలోకి వలస వచ్చింది. విజయనగరం మనుషులు దక్షిణానికి దిగినప్పుడు ఆ రెండు భాషలూ కలిసే దిగాయి. తర్వాత తంజావూరులో 1673 దాకా, మదురైలో 1736 దాకా నాయక రాజులు ఏలారు. కొలువులో, దండులో, నల్లరేగడి ఊళ్ళలో తెలుగు మాట్లాడేవారు. మన హెచ్చరికే తమిళంలో ఎచ్చరిక్కై అయింది. సర్వీసంతా స్టేషన్లలో ఆ బోర్డు చూస్తూనే ఉన్నాను, అది మన మాటేనని రిటైరయ్యాక గాని తెలియలేదు! బెదిరించే మాటా మనదే, ఊరడించే మాటా మనదే.

మరి ఆంధ్రలో చుట్టాలు ఎందుకు నవ్వుతారు? అక్కడ నెమ్మదిగా అంటే ఇప్పుడు ఎక్కువగా మెల్లగా అనే అర్థం. ఒక పెళ్ళిలో "ఇప్పుడు నెమ్మదిగా ఉన్నాను బావా" అన్నాను, "ఏం, కాళ్ళ నొప్పులా?" అని అడిగాడు. కాని జ్వరం నెమ్మదించింది అని వాళ్ళూ అంటారు కదా. ఒంటికి వాడే ఆ అర్థాన్నే మనం మనసుకూ వాడుతున్నాం. కన్నడంలో నెమ్మది అంటే నేటికీ మనశ్శాంతే. మనది చెడిపోయిన మాట ఎలా అవుతుంది?

నిదానం కథ ఇంకా విచిత్రం. సంస్కృతంలో నిదానమంటే మూలకారణం. వైద్యంలో రోగం ఏమిటో తేల్చడం. మాధవ నిదానం అనే గ్రంథం పేరు అందుకే. తెలుగులో, తమిళంలో మాత్రం అది తొందరపడకపోవడం అయింది. కారణం కనుక్కునేవాడు ఆగి చూడాలి కదా, అలా మారి ఉంటుందని నా ఊహ. టికెట్ కౌంటర్ ముందు క్యూలో అరుపులు లేస్తే "నిదానం, నిదానం" అంటే చాలు, రెండు భాషలవాళ్ళకూ అర్థమయ్యేది. ఇక మెల్లగా, మెల్ల అన్నవి ఎవరూ ఎవరి దగ్గరా తీసుకున్నవి కావు, ఇద్దరికీ పుట్టింటివే.

శాంతం సంగతి వేరు. తిరువైయారులో త్యాగరాజస్వామి దాని మీద సామ రాగంలో తెలుగు కీర్తన చేశారు, కచేరీల్లో మనమంతా విన్నదే. అయినా మన ఇళ్ళల్లో శాంతి అనే మాట పూజకే ఎక్కువ. అరవయ్యో ఏడు రాగానే నాకు చేయించింది ఉగ్రరథ శాంతి. పేరులోనే ఉగ్రం ఉంది చూడండి. ముందు ఏదో రేగితే తర్వాత చల్లార్చేది శాంతి. నిమ్మదికి అలాంటి గొడవ అక్కర్లేదు. సాయంత్రం పని ముగించి మా అవ్వ తిన్నె మీద కూర్చుని "నిమ్మదిగా ఉండాది" అనేది, అంతే.

అందుకని ఆ వాక్యం కొట్టేయవద్దని నా మనవి. పక్కనే నెమ్మది అని కూడా రాసి, రెండింటికీ అర్థాలు ఇద్దాం. కోవిల్‌పట్టి, సాత్తూరు వైపు ఇళ్ళల్లో ఈ మాట ఎలా పలుకుతారో పెద్దవాళ్ళను అడిగి కింద రాయండి. పుస్తకం అచ్చుకు పోయేలోగా చేర్పిస్తాను.