ఉద్దానం మూత్రపిండ వ్యాధి: క్రమబద్ధ సమీక్షకు ప్రణాళిక

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళికి ఈశాన్యంగా సోంపేట, కవిటి, కంచిలి తదితర మండలాలలో విస్తరించిన ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి కారణం నేటికీ ఇదమిత్థంగా తేలలేదు. వ్యాధి వ్యాప్తిని 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం సుమారు 18 శాతంగాను, 2020లో వెలువడిన మరొకటి సుమారు 21 శాతంగాను పేర్కొన్నాయి. ఈ రెండు అంకెలకు సగటు కట్టినంత మాత్రాన అది మెటా ఎనాలిసిస్ కాజాలదు.

సమీక్షకు పూనుకొనేవారు ఎవరిలో, ఏ కొలతతో, ఏమి తెలుసుకోదలచినదీ ముందుగా నిర్ణయించుకోవాలి. ఉద్దానం విషయంలో చిక్కంతా కొలతలోనే ఉంది. మూత్రపిండాల వడపోత రేటు 60 కంటే తగ్గడం వంటి లోపం మూడు నెలలకు మించి కొనసాగితేనే వ్యాధి దీర్ఘకాలికమని నిర్వచనం. ఎండలో పొలం పనిచేసి వచ్చినవారి రక్తంలో క్రియాటినిన్ తాత్కాలికంగా పెరగవచ్చు. కనుక ఒక్క పరీక్షతో లెక్కించిన సర్వేలను, తిరిగి పరీక్షించి నిర్ధారించిన వాటిని ఒకే గాటన కట్టరాదు. ఆసుపత్రి రోగుల లెక్కలను ఇంటింటి సర్వేలతో కలపడం మరింత పొరపాటు.

ఈ నియమాలను అధ్యయనాల ఎంపికకు ముందే ఖరారు చేసి, 2011లో బ్రిటన్‌లో ప్రారంభమైన ప్రాస్పెరో రిజిస్టరులో నమోదు చేయడం ఉత్తమం. ఎంపికను ఇద్దరు విడివిడిగా జరపాలి. ఫలితాల మధ్య పొంతన లేనప్పుడు అంకెలను కలపకుండా వివరణకే పరిమితం కావడం సముచితం.