కాశీలో అరటిపళ్ళు అమ్మబోయిన కుర్రాడు

చర్ల, దుమ్ముగూడెం వైపు పిల్లాడికి జ్వరమొస్తే ముందు అందరి నోటా వచ్చే మాట మలేరియా. అడవి అంచు ఊళ్ళు మరి. మందు వేస్తారు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ కాస్తుంది. పిల్లాడు పాలిపోతాడు, దెబ్బ తగలకుండానే కాళ్ళ మీద కమిలిన మచ్చలు తేలతాయి. చివరికి రక్తంలో తెల్లకణాలు చూసిన డాక్టరు లుకేమియా, అంటే రక్త కేన్సర్, అనుమానించి వెంటనే హైదరాబాద్ తీసుకెళ్ళమంటాడు. భద్రాచలంలో రాత్రి బస్సెక్కితే మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి. ఇంట్లో దేవుడి ముందు పసుపు గుడ్డలో ముడుపు, తల్లి కొంగున రాములవారి తలంబ్రాల పొట్లం. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి 1955 నుంచీ ఇలాంటి తల్లులను చూస్తూనే ఉంది.

‘రక్తంలో జబ్బుకు తలకు కరెంటు పెట్టడమేమిటి?’ రేడియేషన్ అనగానే బంధువులు అడిగే ప్రశ్న ఇదే. మామూలు మందులు మెదడులోకి సరిగా చేరవు. కేన్సర్ కణాలు అక్కడ నక్కి, అంతా బాగుందనుకున్నాక బయటపడతాయి. 1960లలో అమెరికాలో, మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డాక్టర్ డొనాల్డ్ పింకెల్ మందులతో పాటు తలకు రేడియేషన్, వెన్నులో మెథోట్రెక్సేట్ సూది కలిపి ఇచ్చాకే, సుమారు సగం మంది పిల్లలు బతికి బట్టకట్టడం మొదలైంది.

రేడియేషన్‌కు ముందు మాస్కు తయారుచేస్తారు. వలలాంటి ప్లాస్టిక్ షీటును వేడినీళ్ళలో ముంచితే మెత్తబడుతుంది. గోరువెచ్చగా ఉండగానే ముఖం మీద పరిచి, చెవుల పక్కకు లాగి నొక్కుతారు. కొద్ది నిమిషాల్లో గట్టిపడి ముక్కు, నుదురు, గడ్డం అచ్చుగుద్దినట్టు దిగుతాయి. తల కదలకుండా దాన్ని బల్లకు బిగించి అందరూ బయటికొచ్చేస్తారు. లోపల పిల్లాడొక్కడే. నొప్పి ఉండదు, భయమే ఉంటుంది. తలుపు బయట తల్లి పెదవుల మీద రామనామం. చాలా దేశాల్లో ఈ మాస్కుకు రంగులు వేసి, పిల్లాణ్ణి స్పైడర్‌మ్యాన్‌ను చేసి నవ్విస్తారు. భద్రాద్రి పిల్లాడికైతే హనుమంతుణ్ణి వేయాలి. సంజీవని తెచ్చినవాడి మూతి పెట్టుకుని పడుకున్నవాడికి ఆ కాసేపూ ఆటే అవుతుంది.

వెన్నులో ఇచ్చే ఆ మెథోట్రెక్సేట్ పుట్టుక వెనక ఒక తెలుగువాడున్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. పదమూడో ఏట, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి సంపాదిద్దామని ఇల్లొదిలి బయల్దేరాడు. తల్లి వెంకమ్మ వెనక్కి పట్టి తెప్పించింది. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కాడు. రామకృష్ణ మిషన్‌లో సన్యాసం పుచ్చుకుంటానంటే తల్లి ఒప్పుకోలేదు. మద్రాసులో వైద్యం చదివాడు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే గ్రహణి జబ్బుతో ఎనిమిది రోజుల తేడాలో పోయారు. ఆ దుఃఖమే ఆయన్ను చివరిదాకా నడిపించిందని నేను గట్టిగా నమ్ముతాను.

1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరాడు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళాడు. 1945కల్లా ఆయన బృందం స్ప్రూకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసింది. అసలు కథ ఇక్కడే మలుపు తిరిగింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ ఆ కోవ మందును లుకేమియా పిల్లలకు ఇస్తే జబ్బు తగ్గకపోగా ఇంకా రేగింది. అయితే కేన్సర్ కణానికి ఇదే తిండి అన్నమాట! ఆ తిండిలాగే కనబడి కణాన్ని మోసగించే మందు కావాలి. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ చేసిచ్చింది. ఫార్బర్ 1947 చివర్లో దాన్ని వాడి, 1948 జూన్‌లో ఫలితం ప్రకటించాడు: 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనబడింది. అది కొన్నాళ్ళ ముచ్చటే, జబ్బు తిరగబెట్టింది. అయినా అంతకు ముందు ఆ పిల్లలకు ఆ కొన్నాళ్ళూ ఇచ్చిన మందు లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గుండె ఆగి పోయాడు. అమెరికా వెళ్ళాక ఆయన మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు, ఇక్కడే ఉండిపోయిన భార్య శేషగిరి మళ్ళీ భర్త ముఖం చూడలేదు.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటిదే మెథోట్రెక్సేట్. పింకెల్ పద్ధతిలో తలకు రేడియేషన్ పెట్టిన పసివాళ్ళలో తర్వాత చదువు మందగించడం, ఎదుగుదల తగ్గడం డాక్టర్లు గమనించారు. అందుకే ఇప్పుడు చాలామంది పిల్లలకు గట్టి మందులు, వెన్నులో మెథోట్రెక్సేట్ సూదితోనే సరిపెట్టి, రేడియేషన్‌ను తప్పనిసరైన కొద్దిమందికే ఉంచుతున్నారు. సూది రోజున పిల్లాడు పక్కకు తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుంటాడు. సిరంజిలో మందు పసుప్పచ్చగా ఉంటుంది.

చికిత్స రెండు మూడేళ్ళు సాగుతుంది. ఆసుపత్రి ఖర్చు ఆరోగ్యశ్రీ చూసుకున్నా, బస్సు ఛార్జీలు, పోయిన కూలి డబ్బులు ఇంటివాళ్ళ మీదే పడతాయి. జుట్టు మొలిచింది కదా అని మధ్యలో మాత్రం మానొద్దు. చికిత్స చివరి దశలో మెథోట్రెక్సేట్ మాత్రలు ఇంట్లోనే వేసుకోవాలి, అవి వారానికి ఒక్క రోజే. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. గోడ క్యాలెండర్ మీద ఆ రోజు చుట్టూ గుండ్రంగా గీయండి. తల్లికి చదువు రాకపోతే పక్కింటివాళ్ళయినా గీసిపెట్టండి.