‘తెల్ల’ అన్న ఒక్క మాట: అమెరికా పౌరసత్వ చరిత్ర

రాజ్యాల చరిత్రను యుద్ధాలతోను, పాలకుల పేర్లతోను చెప్పడం పరిపాటి. కాని ఒక దేశం యొక్క అసలు స్వభావం తెలియాలంటే అది ఎవరిని తన ప్రజలుగా లెక్కించిందో, ఎవరిని ఆ లెక్కకు వెలుపల ఉంచిందో పరిశీలించాలి. అమెరికా సంయుక్త రాష్ట్రాల విషయంలో ఈ పరిశీలనకు ఒక దగ్గరి దారి ఉన్నది. ఆ దేశపు పౌరసత్వ చట్టంలో ‘తెల్ల’ అన్న ఒక్క మాట ఎప్పుడు చేరింది, ఎన్నాళ్లు నిలిచింది, ఏ విధంగా తొలగింది అని చూసినట్లయితే అక్కడి రాజకీయ, సామాజిక చరిత్రలోని ముఖ్య ఘట్టాలు అనేకం వరుసగా ఎదురవుతాయి.

1776 జులై 4న 13 వలస రాష్ట్రాలు బ్రిటిషు ప్రభుత్వం నుండి విడిపోతూ మానవులందరూ సమానులుగా సృష్టించబడ్డారని చాటాయి. 1787లో వ్రాయబడిన రాజ్యాంగంలో ‘బానిస’ అన్న మాట కనిపించదు. అయినా బానిసల సంఖ్యలో అయిదింట మూడు వంతులు లెక్కలోకి తీసుకొని రాష్ట్రాలకు ప్రతినిధుల స్థానాలు కేటాయించాలని అందులో ఉన్నది. ఓటు లేని బానిసలు ఈ విధంగా తమ యజమానుల బలం పెంచడానికి మాత్రం లెక్కకు వచ్చారు. స్వాతంత్ర్య ప్రకటన వెలువడి 14 సంవత్సరాలు నిండకముందే, 1790 మార్చిలో, కాంగ్రెసు తొలి పౌరసత్వ చట్టం చేసింది. పరదేశం నుండి వచ్చినవారిలో స్వేచ్ఛగల తెల్లవారు మాత్రమే పౌరులు కావచ్చునని దాని సారాంశం.

బానిసత్వంలో అరబీ అక్షరాలు

ఆ చట్టం వెలుపల ఉంచినవారిలో అల్లాహ్‌ను ఆరాధించేవారు, అరబీ వ్రాయగల విద్యావంతులు కూడా ఉన్నారు. నేటి గినియా దేశంలోని ఫూటా జల్లోన్‌కు చెందిన పాలకుని కుమారుడు అబ్దుర్రహ్మాన్ ఇబ్రాహీమా యుద్ధంలో బందీ అయి, 1788లో మిసిసిపీ ప్రాంతంలోని నాచెజ్ పట్టణంలో అమ్మబడ్డాడు. అక్కడ 40 సంవత్సరాలు పొలాల్లో బానిసగా శ్రమించాడు. ఒకప్పుడు ఆఫ్రికాలో జబ్బుపడి దారితప్పి ఆయన తండ్రి ఇంట ఆతిథ్యం పొందిన డాక్టరు కాక్స్ 1807లో ఆయనను గుర్తుపట్టి విడిపించబోయాడు. యజమాని ఒప్పుకోలేదు.

1826లో అబ్దుర్రహ్మాన్ అరబీలో వ్రాసిన ఒక జాబు ప్రభుత్వానికి చేరింది. అరబీ చూసిన అధికారులు ఆయనను మొరాకో దేశీయునిగా భావించారు. విదేశాంగ మంత్రి హెన్రీ క్లే, అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ కలుగజేసుకొనగా 1828లో విడుదల లభించింది. అయితే యజమాని ఒక షరతు విధించాడు: ఆయన అమెరికా గడ్డమీద స్వతంత్రునిగా నివసించరాదు, ఆఫ్రికాకు వెళ్లిపోవాలి. మనిషిగా వదిలిపెట్టడానికి సిద్ధపడినవారు సాటి పౌరునిగా చూడడానికి సిద్ధపడలేదు. 1829లో లైబీరియా చేరిన అబ్దుర్రహ్మాన్ తన స్వస్థలం చూడకుండానే ఆ సంవత్సరమే కన్నుమూశాడు.

నేటి సెనెగల్ ప్రాంతపు పండితుడు ఉమర్ ఇబ్న్ సయీద్ 1807లో చార్లెస్టన్ రేవులో అమ్మబడ్డాడు. నార్త్ కరోలినాలో బానిసగా ఉంటూ 1831లో తన జీవిత కథను అరబీలో వ్రాశాడు. అప్పటికే ఆయన చర్చిలో చేర్చబడ్డాడు. అయినప్పటికీ ఆ కథ సూరా ముల్క్‌తోనే మొదలవుతుంది. సమస్త ఆధిపత్యం అల్లాహ్‌దేనని చెప్పే సూరా అది. మరొక మనిషి సొత్తుగా లెక్కింపబడుతున్నవాడు తన కథకు ఆ సూరాను ముందుంచడంలోని భావం వివరించనక్కరలేదు. ఆ వ్రాతప్రతి నేడు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయంలో ఉన్నది.

సవరణలు, వాటి వెన్నంటి వచ్చిన తిరోగమనం

1857 మార్చి 6న డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి టానీ తీర్పు చెప్పాడు. ఆఫ్రికా సంతతివారు, స్వతంత్రులైనా సరే, అమెరికా పౌరులు కాజాలరని ఆ తీర్పు. నాలుగేళ్లకు అంతర్యుద్ధం రగిలింది. 1861 నుండి 1865 వరకు సాగిన ఆ యుద్ధం తరువాత రాజ్యాంగానికి మూడు సవరణలు వచ్చాయి. 1865లో 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1868లో 14వ సవరణ ఆ దేశంలో పుట్టి దాని అధికార పరిధికి లోబడినవారందరూ పౌరులేనని ప్రకటించింది. 1870లో 15వ సవరణ జాతి, రంగు కారణంగా ఓటు నిరాకరించరాదన్నది.

ఫలితం వెంటనే కనిపించింది. అబ్దుర్రహ్మాన్ బానిసగా బ్రతికిన అదే నాచెజ్ పట్టణం నుండి వచ్చిన హైరం రెవెల్స్ 1870లో సెనేటు సభ్యుడైన తొలి నల్లజాతీయుడు. ఆయన పౌరుడై తొమ్మిదేళ్లు కాలేదంటూ ప్రత్యర్థులు ఆ పాత డ్రెడ్ స్కాట్ తీర్పునే అడ్డుపెట్టారు. సెనేటు వారి వాదాన్ని త్రోసిపుచ్చింది.

అదే 1870లో పౌరసత్వ చట్టం నుండి ‘తెల్ల’ అన్న మాటను తీసివేయాలని సెనేటరు చార్లెస్ సమ్నర్ ప్రతిపాదించి ఓడిపోయాడు. ఆఫ్రికా సంతతివారిని మాత్రం చట్టంలో చేర్చి, మాటను యథాతథంగా ఉంచారు. 1877లో దక్షిణ రాష్ట్రాలలో కేంద్ర సైన్యం అండ తొలగింది. 1890లో మిసిసిపీ తన రాజ్యాంగాన్ని తిరగవ్రాసి, ఓటు పన్ను, చదువు పరీక్ష పెట్టి నల్లజాతివారి ఓటును దాదాపు తుడిచివేసింది. 1896లో సుప్రీంకోర్టు రైలు పెట్టెల్లో జాతులవారీ విభజనను సమర్థించింది. సవరణలలో ఒక్క అక్షరమైనా మారలేదు. కాపాడేవారు ప్రక్కకు తప్పుకోగానే అవి కాగితాలుగా మిగిలాయి.

తెల్లవాడెవడు?

ఆసియావాసుల ముందు ఆ మాట గోడవలె నిలిచింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ జన్మతః పౌరుడేనని 1898లో సుప్రీంకోర్టు 14వ సవరణ ఆధారంగా తీర్పు చెప్పింది. కాని పరదేశంలో పుట్టి వచ్చినవారికి ఆ రక్షణ లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ థిండ్ 1923లో అదే కోర్టులో ఓడిపోయాడు. సామాన్య జనం వాడుకలో భారతీయుడు తెల్లవాడు కాడన్నది కోర్టు అభిప్రాయం. ఆ తరువాత, అంతకుముందే పౌరులైన భారతీయుల పౌరసత్వాలు కూడా రద్దు చేయసాగారు. పెషావరు నుండి వెళ్లి వ్యాపారం చేసుకుంటున్న వైష్ణోదాస్ బగాయ్ పౌరసత్వం పోగొట్టుకొని 1928లో ప్రాణం తీసుకున్నాడు.

1942లో యెమెన్ దేశీయుడైన అహ్మద్ హసన్ దరఖాస్తును మిషిగన్‌లోని న్యాయమూర్తి తిరస్కరించాడు. శరీరఛాయ ఒక కారణం; అరబ్బుల ముస్లిం సంస్కృతి యూరపువారితో కలవదన్నది మరొక కారణం. రెండేళ్లకు, 1944లో, మసాచుసెట్స్‌లో ముహమ్మద్ మొహ్రీజ్ అనే అరబ్బు గెలిచాడు. గ్రీకు విద్యలను యూరపుకు అందించిన మార్గాలలో అరబ్బులు ముఖ్యులని ఆ న్యాయమూర్తి గుర్తు చేశాడు. సంతోషించదగిన తీర్పే. అయితే ఆ మనిషి గెలిచింది మనిషిగా కాదు, తెల్లవాని కోవలో చేర్చబడి. ప్రశ్న తప్పుడుదైనప్పుడు సరైన జవాబు కూడా సగం న్యాయమే అవుతుంది.

1946లో లూస్, సెల్లర్ పేర్లతో ప్రసిద్ధమైన చట్టం భారతీయులకు పౌరసత్వ అర్హత ఇచ్చింది. ప్రవేశానికి మాత్రం సంవత్సరానికి 100 మంది అని హద్దు పెట్టింది. చివరకు 1952 చట్టంతో పౌరసత్వానికి జాతి అడ్డు తొలగింది. 1790లో చేరిన మాట 162 సంవత్సరాలు నిలిచింది.

1965, ఆపైన

మాట పోయినా దాని నీడ వెంటనే పోలేదు. 1954లో పాఠశాలల్లో విభజన చెల్లదని సుప్రీంకోర్టు అన్నది. 1955లో మాంట్‌గోమరీలో నల్లజాతివారు బస్సులను బహిష్కరించి ఏడాదికి పైగా నడిచారు. 1965 మార్చిలో సెల్మా వంతెన మీద ఓటుహక్కు కోరినవారిపై లాఠీలు విరిగాయి. ఆ ఆగస్టులో ఓటుహక్కు చట్టం, అక్టోబరులో జాతీయతలవారీ కోటాలను రద్దుచేసిన వలస చట్టం వచ్చాయి. ఈ రెండూ ఒకే సంవత్సరపు బిడ్డలు. హైదరాబాదు నుండి, ఆంధ్ర ప్రాంతం నుండి వెళ్లిన డాక్టర్లు, ఇంజనీర్లు, చికాగో మొదలైన నగరాలలో స్థిరపడిన హైదరాబాదీ ముస్లిం కుటుంబాలు ప్రవేశించిన తలుపు ఆ రెండవ చట్టమే. ఆ తలుపు తెరుచుకొన్న కాలం సెల్మాలో దెబ్బలు తిన్నవారి పోరాటం తెచ్చిన కాలం. ఈ ఋణం ఆ కుటుంబాల పిల్లలకు తెలియాలి.

చరిత్ర అక్కడ ఆగలేదు. 2013లో సుప్రీంకోర్టు ఓటుహక్కు చట్టంలోని ఒక ముఖ్య భాగాన్ని పనిచేయకుండా చేసింది. 2025 జనవరిలో, తాత్కాలిక వీసాలపై ఉన్న తల్లిదండ్రులకు పుట్టే పిల్లలకు జన్మతః పౌరసత్వం వర్తించదంటూ అధ్యక్షుని ఉత్తర్వు వెలువడి న్యాయస్థానాలకెక్కింది. వీసాలపై ఉద్యోగం చేసే వేలాది తెలుగు దంపతుల ఇళ్లలో 14వ సవరణ ఒక్కసారిగా ఇంటి విషయమయింది. విడుదలైన బానిసల కోసం వ్రాసి 1868లో రాజ్యాంగంలో చేర్చిన వాక్యమే వారి శిశువులకు కూడా ఆధారం.

ఈ సుదీర్ఘ చరిత్ర చెప్పేది ఒకటే. హక్కును వ్రాయడం ఒక పని. వ్రాసినదాన్ని కాపాడడం ప్రతి తరం మళ్లీ చేయవలసిన పని. ఒడంబడిక విలువ దానిని వ్రాసినవారి గొప్పతనంలో లేదు, నెరవేర్చేవారి నిజాయితీలో ఉన్నది. తనవారి కోసం న్యాయం అడిగేవారు పొరుగువాని వంతు వచ్చినప్పుడు మౌనం వహిస్తే, ఆ మౌనమే తరువాత తమ ఇంటి తలుపు తడుతుంది.